విశాఖ – ఇచ్ఛాపురం తీరం వెంట సైకిలు, టెంటు: ఎటు నుంచి ఎటు, ఎక్కడ పడుకోవాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇద్దరు అన్నదమ్ములు, మామూలు హైబ్రిడ్ సైకిళ్ళు, డిసెంబరు ఆఖరి వారం. విశాఖ నుంచి ఇచ్ఛాపురం దాకా ఒడ్డు వెంటే తొక్కుతూ, రోజూ బీచిలో టెంటు వేసుకుంటూ 5 రోజుల్లో వెళ్ళొచ్చా? ఏం మోసుకెళ్ళాలి?

వెళ్ళొచ్చు, కానీ మూడు మార్పులు చేసుకోండి. ఒకటి, దిక్కు తిప్పండి. రైల్లో పైకి వెళ్ళి, ఇచ్ఛాపురం వైపు నుంచి విశాఖకి తొక్కుతూ రండి. రెండు, ఒడ్డు వెంట ఏకధాటిగా రోడ్డు లేదు. దారి దువ్వెనలా ఉంటుంది. వెన్నులా హైవే, దాని నుంచి పళ్ళలా ఒక్కో బీచికి ఒక్కో రోడ్డు. మూడు, ఐదు రాత్రులూ టెంటు అనుకోకండి. రెండు రాత్రులు, మహా అయితే మూడు. మిగతావి టౌన్లో లాడ్జి.

దిక్కు సంగతి ముందు. డిసెంబరు, జనవరిల్లో మన తీరంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. తీరం కూడా ఈశాన్యం నుంచి నైరుతికే వాలి ఉంటుంది. అంటే విశాఖ నుంచి బయల్దేరితే ఐదు రోజులూ ఎదురుగాలి. బ్యాగులు కట్టిన సైకిలు మీద ఎదురుగాలి గంటకి నాలుగైదు కిలోమీటర్ల వేగం తినేస్తుంది. 70 కిలోమీటర్ల రోజు మీద అది గంటన్నర ఎండ. అదే ఇచ్ఛాపురం వైపు నుంచి వస్తే గాలి వీపు మీద ఉంటుంది. ఫిబ్రవరి రెండో సగం నుంచి గాలి దక్షిణానికి తిరుగుతుంది కాబట్టి అప్పుడు వెళ్ళేవాళ్ళు మాత్రం విశాఖ నుంచే మొదలుపెట్టాలి.

ఇంకో లాభం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పైనుంచి కిందికి వచ్చేటప్పుడు సముద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది. ప్రతి బీచి రోడ్డూ ఎడమకే తిరుగుతుంది. విశాఖ నుంచి వెళ్తే ప్రతిసారీ డివైడరు దాటి కుడికి తిరగాలి, మళ్ళీ అలాగే వెనక్కి రావాలి. నాలుగు లేన్ల, ఆరు లేన్ల హైవే మీద సైకిలుకి అన్నిటికంటే ప్రమాదం అక్కడే.

ఒడ్డు వెంట రోడ్డు ఎందుకు లేదంటే, నదుల వల్ల. బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి, గోస్తనీ ఇన్ని నదులు ఈ ముక్కలోనే సముద్రంలో కలుస్తాయి. మొగల దగ్గర వంతెనలు ఉండవు, లోపలికి వచ్చి దాటాలి. ఇవి కాక పోటు వచ్చినప్పుడు నిండే ఉప్పుటేర్లు. మ్యాపులో ఒడ్డునే సన్నటి గీత కనిపిస్తుంది, తీరా వెళ్తే అది ఇసుక బాటో, ఏటి గట్టో అవుతుంది. తడి ఇసుక మీద తొక్కుకుపోదాం అనే ఆలోచన కూడా మానేయండి. నీళ్ళు వెనక్కి తగ్గే పాటు సమయంలో ఓ గంట గట్టిగానే ఉంటుంది, తర్వాత చక్రం దిగిపోతుంది. పైగా ఉప్పునీళ్ళు హబ్బుల్లోకి, చైన్లోకి చేరితే రెండో రోజుకే కరకరలు మొదలవుతాయి. పడవవాళ్ళు మొగ దాటిస్తామంటే సరదాగానే ఉంటుంది గానీ, కెరటం విరిగే చోట రెండు సైకిళ్ళు, బ్యాగులు ఎక్కించుకుని వెళ్ళడం మంచి పని కాదు.

రైలు. ఇచ్ఛాపురం చిన్న స్టేషను, బళ్ళు ఆగేది కాసేపే. బ్రేక్ వ్యాన్లోంచి (సామాను వేసే పెట్టె) సైకిళ్ళు దించేలోపు బండి కదిలిపోవచ్చు. అందుకని బరంపురం దాకా బుక్ చేయండి. పెద్ద స్టేషను, పార్సిల్ ఆఫీసు ఉంది, అక్కడి నుంచి ఇచ్ఛాపురం సుమారు 25 కిలోమీటర్లే. ఒడిశా అయినా బజార్లో తెలుగు నడుస్తుంది, ఇబ్బంది పడరు.

మీ టికెట్టు చూపించి సైకిళ్ళని లగేజీ కింద బుక్ చేయించుకోవాలి. బండి టైముకి కనీసం రెండు గంటల ముందు ఉండండి. బ్యాగులు, లైట్లు, సీసాలు, పంపు అన్నీ ఊడదీసి మీతోనే పెట్టుకోండి. వెనక గేరుని అన్నిటికంటే పెద్ద పళ్ళ చక్రం మీదికి వేస్తే డిరైలరు (చైనుని ఒక పళ్ళ చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) లోపలికి జరుగుతుంది, దాని మీద అట్టముక్క కట్టండి. పెడల్స్ విప్పండి. ఎడమ పెడల్ మర ఉల్టా, ఇది మర్చిపోయి బలంగా బిగించేసి మర పాడుచేసుకున్నవాళ్ళు చాలామంది. పేరు, ఫోను నంబరు, ఎక్కే స్టేషను, దిగే స్టేషను మార్కరుతో అట్ట మీద రాసి రెండు వైపులా కట్టండి. రసీదు జాగ్రత్త. సైకిలు అదే బండిలో ఎక్కిందో లేదో ప్లాట్‌ఫాం మీద నిలబడి మీరే చూసుకోవాలి, లేకపోతే తర్వాతి బండిలో రావచ్చు. స్టవ్ గ్యాసు డబ్బాలు, స్పిరిట్ రైల్లో నిషేధం, వాటి జోలికి పోకండి. అసలు అవసరమే లేదు, ఎందుకో కింద చెప్తాను.

రోజువారీ దారి. దూరాలు సుమారుగా ఇస్తున్నాను. బీచిలో ఎంత లోపలికి వెళ్తారన్న దాన్నిబట్టి ఐదారు కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది.

మొదటి రోజు బరంపురం నుంచి ఇచ్ఛాపురం, కవిటి మీదుగా బారువ. 65 కి.మీ. ఇచ్ఛాపురం దాకా హైవే, తర్వాత హైవే వదిలేసి కవిటి వైపు ఊళ్ళ రోడ్డు పట్టుకోండి. ఇదే ఉద్దానం: కొబ్బరి, జీడి, పనస, రోడ్డుకి రెండు వైపులా నీడ. మొత్తం ప్రయాణంలో తొక్కడానికి అన్నిటికంటే హాయైన ముక్క ఇదే, తొందరపడొద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తోటల్ని నేలమట్టం చేసింది. బాగా ముదురు చెట్ల మధ్య ఒకే ఈడు కుర్ర కొబ్బరి చెట్లు వరసగా కనిపిస్తే కారణం చాలాచోట్ల అదే.

రెండో రోజు బారువ నుంచి అక్కుపల్లి, వజ్రపుకొత్తూరు వైపుగా వచ్చి నౌపడ మీదుగా టెక్కలి. 65–70 కి.మీ. నౌపడ ఉప్పు మడులు, పక్కనే తేలినీలాపురం. పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు చలికాలమంతా అక్కడి చెట్ల మీదే ఉంటాయి. పొద్దున్నో సాయంత్రమో అయితే బాగా కనిపిస్తాయి. మూలపేట పోర్టు వైపు రోడ్ల మీద టిప్పర్లు ఎక్కువ, దుమ్ము ఎక్కువ. ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఈ రాత్రి టెక్కలిలో లాడ్జి. బట్టలు ఉతుక్కోవడానికి, ఫోన్లు చార్జింగు పెట్టుకోవడానికి కూడా ఇదే సరైన రోజు.

మూడో రోజు టెక్కలి, కోటబొమ్మాళి, నరసన్నపేట, మడపాం దగ్గర వంశధార దాటి శ్రీకాకుళం, అక్కడి నుంచి కళింగపట్నం. 75–80 కి.మీ. శ్రీకాకుళం దాకా హైవేనే, చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. చీకటితో లేచి 9 గంటలకల్లా ఆ ముక్క అవగొట్టేయండి. కళింగపట్నం దగ్గర వంశధార మొగ, లైట్‌హౌసు, లోపలికి కొద్ది దూరంలో శాలిహుండం బౌద్ధ స్తూపాలు. కొండ చిన్నదే అయినా సైకిలు కిందే పెట్టి నడిచి ఎక్కండి.

నాలుగో రోజు బరువైనది: కళింగపట్నం, శ్రీకూర్మం, శ్రీకాకుళం, ఎచ్చెర్ల, రణస్థలం, పూసపాటిరేగ, చింతపల్లి బీచి. 85–90 కి.మీ. నేల చదును, గాలి వెనక నుంచి, కాబట్టి అవుతుంది. కాళ్ళు బరువెక్కితే చింతపల్లి వదిలేసి హైవే పక్కనే ఎక్కడో ఒకచోట లాడ్జి చూసుకోండి, నష్టం లేదు.

ఐదో రోజు చింతపల్లి నుంచి భోగాపురం, తగరపువలస, భీమిలి, విశాఖ. 65 కి.మీ. భోగాపురం విమానాశ్రయం చుట్టూ రోడ్లు మారిపోయాయి, ఫోను మ్యాపు పాతది చూపిస్తే మొండిగా దాన్నే నమ్మకండి, అడగండి. తగరపువలసలో గోస్తనీ దాటి భీమిలి దిగాక మాత్రం మీరు కలగన్న రోడ్డు దొరుకుతుంది. విశాఖ దాకా సముద్రం పక్కనే. ఎర్రమట్టి దిబ్బలు, మంగమారిపేట రాతి తోరణం, తొట్లకొండ, రుషికొండ అన్నీ ఈ ముప్ఫై కిలోమీటర్లలోనే. ఎత్తుపల్లాలు కూడా ఇక్కడే తగులుతాయి. ఎర్రమట్టి దిబ్బల మీద సైకిలు ఎక్కించడం, టెంటు వేయడం రెండూ చేయకండి. రక్షిత ప్రదేశం, పైగా ఆ మట్టి చక్రం కింద జారిపోయేంత మెత్తన. ఆదివారం సాయంత్రం ఈ రోడ్డు మీదికి రాకండి, కార్లు, బైకులతో కిటకిటలాడుతుంది. సోమవారం పొద్దున వచ్చేలా రోజులు లెక్కేసుకుంటే రోడ్డంతా మీదే.

మొత్తం 360 కిలోమీటర్ల పైచిలుకు. ఐదు తొక్కే రోజులు, ఒకటి చేతిలో మిగులు. ఆ మిగులు రోజు లేకుండా టికెట్లు కొనకండి.

టైము. డిసెంబరులో సూర్యోదయం 6.20 ప్రాంతం, సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. ఆరింటికి కదిలి 11 లోపు ఆ రోజు దూరంలో మూడొంతులు పూర్తిచేయాలి. ఆ తర్వాత సముద్రపు గాలి పక్క నుంచి తోయడం మొదలెడుతుంది. హైవే మీద సాయంత్రం 4 తర్వాత అస్సలు వద్దు. ఎందుకంటే మీరు నైరుతికి వెళ్తున్నారు, చలికాలంలో ఆ వేళకి సూర్యుడు కూడా అటే దిగుతాడు. వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరు కళ్ళల్లోకి నేరుగా ఎండ కొడుతుంది, మీరు అతనికి కనపడరు. వెనక ఎర్ర లైటు పగలు కూడా వేసే ఉంచండి. పొద్దున్నే మంచు ఉంటే అది తేలే దాకా టీ కొట్టు దగ్గరే కూర్చోండి.

హైవే మీద ఫ్లైఓవరు వచ్చిన ప్రతిచోటా కింద సర్వీసు రోడ్డులోకి దిగిపోండి. సర్వీసు రోడ్డులో ఎదురొచ్చే బైకులు, ఆటోలు తప్పవు, కానీ వాటి వేగం తక్కువ. ఊళ్ళ రోడ్ల మీద వేరే తంటా. కోతల కాలం కదా, తారు రోడ్డు మీదే ధాన్యం, చోళ్ళు ఆరబోస్తారు. గింజల మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. వేగం ముందే తగ్గించి, హ్యాండిలు తిప్పకుండా నేరుగా దాటండి. కుప్పల పక్కన పెట్టే రాళ్ళు సాయంత్రం అక్కడే మర్చిపోతుంటారు, అవి చూసుకోండి.

ఎక్కడ టెంటు వేయాలి. మీ ప్రశ్నలో అసలు భాగం ఇదే అనుకుంటున్నాను. ఈ తీరంలో ఎవరూ లేని బీచి అంటూ లేదు. ఖాళీగా కనిపించే ఇసుక ఎవరో ఒకరి పడవ లాగే దారి, వల ఆరేసే చోటు, లేకపోతే ఊరివాళ్ళు తెల్లారుజామున చెంబు పట్టుకుని వచ్చే చోటు. చెప్పడానికి ఇబ్బందైనా ఇది ముందే తెలియాలి. కాబట్టి చీకటి పడ్డాక చప్పుడు చేయకుండా టెంటు వేసి తెల్లవారే లోపు వెళ్ళిపోదాం అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. రాత్రి రెండింటికి వేటకి వెళ్ళేవాళ్ళు టార్చి వేసి లేపుతారు, వాళ్ళకి అనుమానం, మీకు భయం.

సాయంత్రం నాలుగింటికల్లా ఊళ్ళోకి వెళ్ళండి. రామమందిరం అరుగు మీదో, వల అల్లుకుంటూనో పెద్దవాళ్ళు ఉంటారు. సైకిలు దిగి అడగండి: "బాబూ, బరంపురం నుంచి విశాఖపట్నం సైకిళ్ళ మీద పోతన్నాం. ఈ రాత్రికి ఇక్కడ గుడారం వేసుకుని పడుకుంటాం, పొద్దున్నే లేచి వెళ్ళిపోతాం. ఎక్కడ వేసుకుంటే మీకు ఇబ్బంది ఉండదు?" ఆఖరి ముక్క ముఖ్యం. "వేసుకోవచ్చా" అని అడిగితే ఎవరో ఒకరు వద్దంటారు. "ఎక్కడ" అని అడిగితే చోటు వాళ్ళే చూపిస్తారు. ఆధార్ కార్డు చూపించండి, పోలీసు స్టేషను దగ్గర్లో ఉంటే వెళ్ళి పేరు, ఫోను నంబరు ఇచ్చి రండి. తీరం కాబట్టి మెరైన్ పోలీసులు కొత్తవాళ్ళని ఆరా తీస్తారు, ముందే చెప్తే అర్ధరాత్రి లేపరు.

ఒడ్డు కంటే మంచి చోట్లు ఊళ్ళోనే ఉంటాయి. తుఫాను షెల్టరు వరండా, సెలవు రోజుల్లో బడి ఆవరణ (హెడ్మాస్టరునో సర్పంచినో అడిగి), రామమందిరం పక్క. నీళ్ళు, లైటు, మనుషులు అన్నీ దగ్గరే. "సముద్రం ముందు టెంటు" ఫొటో కావాలంటే సాయంత్రం ఓసారి ఇసుకలో వేసి తీసుకుని, పడుకునేది ఇక్కడ పడుకోండి. నా మాట వింటే మొదటి రాత్రి బారువలోనూ, మూడో రాత్రి కళింగపట్నంలోనూ టెంటు, రెండో రాత్రి లాడ్జి. నాలుగోది అప్పటి ఒంటి పరిస్థితిని బట్టి. ఐదో రోజు విశాఖ చేరిపోతారు కాబట్టి ఆ రాత్రి బాధ లేదు. సిటీ బీచిలో టెంటు ఆలోచన వద్దు, పోలీసులు పంపించేస్తారు.

కొబ్బరి చెట్టు కింద టెంటు వేయకండి. కాయ పడితే టెంటు గుడ్డ ఆపదు. మట్టలు రాత్రి గాలికే రాలతాయి. సరుగుడు తోట నీడ బాగుంటుంది గానీ చాలావరకు అటవీశాఖదో, ఎవరి సొంతమో. కింద ఎండు ఆకు మెత్తటి పరుపులా ఉంటుంది, అగ్గిపుల్ల పడితే చాలు. జీడి తోటల్లో ఆకుల కింద రక్తపింజర ఉంటుంది కాబట్టి చీకట్లో బూట్లు లేకుండా, టార్చి లేకుండా అడుగు వేయొద్దు. బూట్లు టెంటు లోపలే పెట్టుకోండి, పొద్దున దులిపి తొడుక్కోండి.

ఇసుకలోనే వేయాల్సి వస్తే. ముందు గీత చూడండి. కిందటి పోటు తెచ్చి పడేసిన నాచు, పుల్లలు, చెత్త ఒక వరసగా ఉంటాయి. ఈ తీరంలో పెద్ద పోటుకీ పాటుకీ తేడా సుమారు మీటరున్నర. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీళ్ళు ఆ పాత గీత దాటి వస్తాయి. ఊదా పూల తీగ పాకి ఉన్న ఇసుక దిబ్బ కనిపిస్తే, దాని వెనక వైపు వేయండి. తీగ బతికి ఉందంటే కెరటం మామూలుగా అక్కడిదాకా రాదని లెక్క. పోట్లు దాదాపు 12 గంటల 25 నిమిషాలకొకటి వస్తాయి. సాయంత్రం ఐదింటికి నీళ్ళు బాగా వెనక్కి పోయి ఉన్నాయంటే, రాత్రి పదకొండుకి ముందుకి వస్తాయని అర్థం. ఏటి మొగ దగ్గర ఇసుక తిన్నె మీద ఎప్పుడూ వద్దు, రెండు వైపుల నుంచీ నీళ్ళు చుట్టేస్తాయి.

మామూలు మేకులు ఇసుకలో నిలవవు. దుకాణంలో దొరికే చిన్న గుడ్డ సంచులు ఎనిమిది తీసుకెళ్ళండి, మోయడానికి బరువే ఉండవు. ఒక్కోదాంట్లో మూడు నాలుగు కిలోల తడి ఇసుక నింపి, మూతి బిగించి, టెంటు తాడు దానికి కట్టి, ఒక అడుగు పైగా లోతున పాతిపెట్టి తొక్కండి. తాడు నేలకి ఏటవాలుగా బయటికి రావాలి, నిలువుగా వస్తే సంచి పైకి లేస్తుంది. ముందు ఈశాన్యం వైపు తాళ్ళు కట్టి, తర్వాత మిగతావి. ద్వారం గాలికి ఎదురుగా పెట్టకండి. రాత్రి మంచు బాగా కురుస్తుంది కాబట్టి పై గుడ్డ వేయాల్సిందే, కానీ దాని కిటికీలు మూసేస్తే లోపల ఊపిరి ఆవిరే చుక్కలై దుప్పటి మీద పడుతుంది. చలి భయం లేదు, తీరంలో తెల్లారుజామున కూడా ఒక మోస్తరు చలే. పలచటి రగ్గు చాలు, స్లీపింగ్ బ్యాగు దండగ. దోమతెర ఉన్న టెంటు మాత్రం తప్పనిసరి.

ఇంకో సంగతి. జనవరి నుంచి మార్చి దాకా ఈ ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, కొన్ని ముందే మొదలెడతాయి. తెల్ల లైటు చూస్తే తల్లి తాబేలు వెనక్కి తిరిగిపోతుంది. ఒడ్డున మంట వేయొద్దు. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. గుడ్లు పాతిన చోట తడికలు కట్టిన హేచరీ (పిల్లలు పొదిగే దాకా గుడ్లని కాపాడే చోటు) కనిపిస్తే దూరంగా ఉండండి.

ఈత కొట్టకండి. మన తీరంలో కెరటం నడుము లోతులోనే మనిషిని లాగేస్తుంది, మొగల దగ్గర ఇంకా ఎక్కువ. చెమట కడుక్కోవాలంటే ఊరి బోరు దగ్గర రెండు బకెట్లు పోసుకోండి.

తిండి, నీళ్ళు. స్టవ్ వద్దన్నాను కదా. ఈ దారిలో ఎక్కడా పది కిలోమీటర్లు ఊరు లేకుండా ఉండదు. పొద్దున్నే ఏ సెంటర్లో చూసినా ఇడ్లీ, పూరీ దొరుకుతాయి. మధ్యాహ్నం హైవే మీదో టౌన్లోనో భోజనం. రాత్రికి మాత్రం చిన్న ఊళ్ళలో హోటళ్ళు ఉండవు. సాయంత్రం మూడింటికి దాటే ఆఖరి టౌన్లో చపాతీలో, పులిహోరో కట్టించుకోండి. స్టవ్, గిన్నెలు, గ్యాసు, బియ్యం కలిపి మూడు కిలోలు, దానికి వచ్చేది రెండు పూటల నూడుల్స్. తొక్కేటప్పుడు ప్రతి గంటకీ ఏదో ఒకటి నోట్లో పడాలి: అరటిపళ్ళు, వేరుశనగ చిక్కీ, ఖర్జూరం. ఆకలేసినప్పుడు తిందాం అనుకుంటే అప్పటికే ఆలస్యం.

నీళ్ళు మనిషికి రోజుకి నాలుగైదు లీటర్లు. సైకిలుకి రెండు సీసాలు, రాత్రి కోసం మడతపెట్టే రెండు లీటర్ల సంచి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి మీరూ వినే ఉంటారు. కారణం ఇదీ అని ఇంకా ఖాయంగా తేలలేదు గానీ, అక్కడివాళ్ళే బోరు నీళ్ళు మానేసి ప్లాంటు నీళ్ళు, కుళాయి నీళ్ళు తాగుతున్నారు. వాళ్ళు తాగేవే మీరూ తాగండి. కొబ్బరి బొండాం ఉద్దానంలో తాగినంత తాగండి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు సరిగ్గా లీటరు నీళ్ళకి, సగం నీళ్ళలో చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. ఒళ్ళు నొప్పులకని నొప్పి మాత్రలు వేసుకుంటూ, నీళ్ళు తక్కువ తాగుతూ తొక్కడం మాత్రం చేయకండి. మూత్రపిండాలకి చెరుపు చేసే జోడీ అది.

సైకిలు. మీ హైబ్రిడ్లకి 35 నుంచి 40 మి.మీ. టైర్లు పడితే అవే వేయించుకోండి. 38 మి.మీ. టైరుకి, మనిషి 75 కిలోలు, సామాను 12 కిలోలు అయితే గాలి ముందు 45, వెనక 55 పీఎస్‌ఐ (పంపు మీటరు మీద ఉండే ఒత్తిడి కొలత). బ్యాగులు ఉన్నాయని టైరు రాయిలా కొట్టించకండి, ఊళ్ళ రోడ్ల గతుకులకి చువ్వలు తెగుతాయి.

పంక్చర్లు ఈ దారిలో రెండు రకాలు. హైవే అంచున పేలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నటి తీగముక్కలు, ఊళ్ళ బాటల్లో తుమ్మ ముళ్ళు. తీగముక్క కంటికి కనపడదు. ట్యూబు మార్చే ముందు టైరు లోపలంతా గుడ్డతో తుడవండి, గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఉంది. వేలితో తడిమితే వేలు తెగుతుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో మళ్ళీ గాలి పోతుంది, "ట్యూబులు నాసిరకం" అని తిట్టుకునేవాళ్ళలో సగం మంది కథ ఇదే. దారిలో సైకిలు షాపులు ఉన్నాయి గానీ వాళ్ళ దగ్గర ఉండేవి పాత మోడలు సైకిళ్ళ ట్యూబులు. మీ 700 సైజువి శ్రీకాకుళం దాకా దొరుకుతాయని నమ్మకం పెట్టుకోవద్దు. ఇద్దరికి నాలుగు ట్యూబులు, ప్యాచీలు, పంపు.

వెనక క్యారియరు ఇనుపదే మేలు. విరిగితే ఏ ఊళ్ళో అయినా వెల్డింగు పడుతుంది, అల్యూమినియందైతే పడదు. దాని బోల్టులు వదులైపోవడమే ఈ ప్రయాణాల్లో ఎక్కువగా కనిపించే చిక్కు. బయల్దేరేముందు విప్పి, మర మీద లాక్ జిగురు చుక్క వేసి బిగించండి, రోజూ పొద్దున అలెన్ కీతో ఒకసారి చూడండి. రెండు బోల్టులు అదనంగా ఉంచండి. మీ కొలత చువ్వలు మూడు ఫ్రేముకి టేపు వేసి అతికించుకోండి. తెగేది చాలావరకు వెనక చక్రం చైను వైపువే. అటు మార్చాలంటే పళ్ళచక్రం విప్పే టూలు కావాలి, అది చిన్నదే, మీ చక్రానికి పట్టేది తీసుకెళ్ళండి. ఊరి మెకానిక్కు దగ్గర పెద్ద స్పానరు ఉంటుంది, ఈ టూలు ఉండదు.

చైనుకి చిక్కటి ఇంజను ఆయిలు వద్దు, ఇసుక దాంట్లో కలిసి గరుకు కాగితంలా రాస్తుంది. రోజూ పొడిగుడ్డతో తుడిచి, పలచటి చైను ఆయిలు గొలుసు కడియానికో చుక్క, మళ్ళీ పైన తుడవడం. ఇసుక పడితే నీళ్ళు బలంగా కొట్టకండి, మగ్గుతో మంచినీళ్ళు పోస్తే చాలు.

వాతావరణం. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు, హుద్‌హుద్ కూడా 2014 అక్టోబరు 12నే విశాఖని తాకింది. డిసెంబరు ఆఖరికి ఆ భయం తగ్గుతుంది, పోదు. వార్తల్లో కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల హెచ్చరిక నంబరు చెప్తారు. ఒకటో నంబరంటే దూరంగా ఏదో ఉంది, గమనిస్తూ తొక్కండి. మూడో నంబరు పడిందంటే ఈదురుగాలులు రేవు దాకా వస్తాయని, టెంటు మడిచి టౌన్లో లాడ్జికి వెళ్ళిపోండి, మిగులు రోజు పెట్టుకోమన్నది అందుకే. వేటకి వెళ్ళిన బోట్లు పగటిపూట గుంపుగా వెనక్కి వచ్చేస్తుంటే నంబరు కోసం చూడనక్కర్లేదు. సెలవులు ముందుకు జరిపినా, వెనక్కి జరిపినా సంక్రాంతి వారంలోకి మాత్రం పోనివ్వకండి: రైళ్ళు నిండిపోతాయి, హోటళ్ళు మూసేస్తారు, బీచిల్లో పికినిక్కులు.

సామాను మనిషికి 12 కిలోలు దాటితే ఏదో ఎక్కువైనట్టే. ఇద్దరికీ ఒకటే టెంటు, ఒకటే పనిముట్ల సంచి. రెండు జతల బట్టలు చాలు. పవర్ బ్యాంకు, కొంచెం చిల్లర, చిన్న నోట్లు (ఫోను చెల్లింపులు అన్నిచోట్లా ఉన్నాయి, సిగ్నలు అన్నిచోట్లా ఉండదు). బయల్దేరడానికి రెండు వారాల ముందు అన్నీ కట్టుకుని విశాఖ–భీమిలి రోడ్డు మీద ఒకసారి వెళ్ళి రండి. రానూ పోనూ 60 కిలోమీటర్లు. క్యారియరు ఊగుతుందో, సీటు నొప్పి పెడుతుందో, బ్యాగు మడమకి తగులుతుందో అన్నీ అక్కడే బయటపడతాయి.

మీ సైకిళ్ళ మోడలు, వెనక చక్రం ఫ్రీవీలా క్యాసెట్టా (పళ్ళచక్రాలు బిగించే రెండు పద్ధతులు) చెప్తే ఏ టూలు కొనాలో, ఎంత పొడుగు చువ్వలు కావాలో రాస్తాను.